నగరపు ఆకాశం, కలర్ కెమెరా, నేరోబ్యాండ్ ఫిల్టర్: పరీక్షలో నిజంగా కొలవాల్సింది ఏమిటి?

క్లుప్తంగా: నీహారికల ఫొటోలకు వాడే నేరోబ్యాండ్ ఫిల్టర్ (వెలుగులో కొన్ని తరంగదైర్ఘ్యాల సన్నని పట్టీని మాత్రమే వదిలే గాజు) వదిలే పట్టీ ఎంత సన్ననిదైతే అంత మంచిదనే అభిప్రాయం కలర్ కెమెరా వాడేవారిలో బలంగా ఉంది. నగరపు వెలుగులో ఆ అభిప్రాయానికి ఆధారం ఉంది, కానీ ఒక హద్దు వరకే. ఫిల్టర్ పనితనాన్ని టెలిస్కోపు ఎఫ్ నిష్పత్తి (నాభ్యంతరాన్ని వ్యాసంతో భాగిస్తే వచ్చే అంకె), కెమెరా పిక్సెళ్ల అమరిక, తీస్తున్న వస్తువు కలిసి నిర్ణయిస్తాయి. అందువల్ల పూర్తయిన రెండు ఫొటోలను పక్కపక్కన పెట్టి చూసే పోలికలు తరచూ దారి తప్పిస్తాయి. ప్రాసెస్ చేయని ముడి ఫ్రేముల్లో సిగ్నల్‌ను (వస్తువు నుంచి వచ్చిన వెలుగును), నాయిస్‌ను (దాన్ని కప్పేసే ఒడిదుడుకును) విడివిడిగా కొలిచినప్పుడే రెండు ఫిల్టర్ల మధ్య తేడా తేలుతుంది.

## మేడ మీద నుంచి నీహారికలు

బెంగళూరులో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కృష్ణరాజపురం ప్రాంతాల్లో అపార్ట్‌మెంట్ మేడ ఎక్కి చూస్తే చందమామ, గ్రహాలు, వేళ్ల మీద లెక్కపెట్టగల నక్షత్రాలు తప్ప పెద్దగా ఏమీ కనిపించవు. ఆకాశపు చీకటిని అంచనా వేయడానికి అమెరికా పరిశీలకుడు జాన్ బోర్టిల్ 2001లో ప్రతిపాదించిన తొమ్మిది తరగతుల కొలమానంలో ఇలాంటి నడి నగరం 8, 9 తరగతుల్లోకి వస్తుంది. అయినా ఇవే మేడల మీద నుంచి తీసిన రోజెట్, ఓరియన్ నీహారికల ఫొటోలు ఇప్పుడు కుటుంబ వాట్సాప్ గ్రూపుల దాకా చేరుతున్నాయి.

దీనికి రెండు కారణాలున్నాయి. చల్లబరిచే ఏర్పాటు ఉన్న కలర్ కెమెరాలు అభిరుచి కోసం ఆకాశాన్ని తీసేవారికి కూడా అందుబాటులోకి వచ్చాయి. సీస్టార్ ఎస్50 లాంటి చిన్న స్మార్ట్ టెలిస్కోపుల్లో రెండు సన్నని పట్టీలను వదిలే డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ లోపలే అమర్చి వస్తోంది. చేతిలో ఉన్న పరికరంతో తొలి ఫొటో రాగానే సహజంగా పుట్టే ప్రశ్న ఒకటే: ఇంతకంటే సన్నని ఫిల్టర్ కొంటే ఇంకా బాగా వస్తుందా?

బజారులో దొరికే డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్లలో 7 నానోమీటర్లవి, 5 నానోమీటర్లవి, 3 నానోమీటర్లవి ఉన్నాయి. ఆ అంకె ఒక్కో పట్టీ వెడల్పు. అది తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. రెండంగుళాల మంచి ఫిల్టర్ అంటే పది వేల రూపాయల పైమాటే. అంత డబ్బు పెట్టే ముందు చూసే పోలికలు చాలావరకు ప్రాసెసింగ్ పూర్తయిన ఫొటోలు కావడం వల్లే అయోమయం పెరుగుతోంది. ఒకే ఫిల్టర్ ఒకరికి అద్భుతంగా పనిచేస్తుంది, మరొకరికి పాతదానికంటే తీసికట్టుగా కనిపిస్తుంది. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు.

## 1868లో గుంటూరులో తేలిన సూత్రం

ఈ ఫిల్టర్ల వెనకనున్న సూత్రానికి తెలుగు నేలతో సంబంధం ఉంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. గ్రహణ సమయంలో సూర్యబింబం అంచున ఎగసిన జ్వాలల వెలుగును వర్ణపటదర్శినితో చూసినప్పుడు, అది రంగులన్నీ కలిసిన పట్టీలా కాక కొన్ని కాంతివంతమైన గీతలుగా కనిపించింది. ఆ గీతల తీవ్రత చూసి, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చని ఆయనకు తోచింది. మర్నాడు పట్టపగలే ప్రయత్నించాడు. కనిపించాయి.

పగటి ఆకాశపు వెలుగు అన్ని తరంగదైర్ఘ్యాల్లోనూ పరుచుకొని ఉంటుంది. వర్ణపటాన్ని సాగదీసేకొద్దీ అది పలచబడుతుంది. హైడ్రోజన్ వెలుగు ఒకే తరంగదైర్ఘ్యం దగ్గర గుమిగూడి ఉంటుంది కాబట్టి ఎంత సాగదీసినా తగ్గదు. నేరోబ్యాండ్ ఫిల్టర్ చేసే పని సరిగ్గా ఇదే. ఆ సన్నని కిటికీ గుండా నీహారిక వెలుగు దాదాపు పూర్తిగా వస్తుంది, నగరపు వెలుగులో చిన్న ముక్క మాత్రమే వస్తుంది.

నీహారికలన్నీ ఇలా గీతల్లో వెలగవు. 1864లో విలియం హగ్గిన్స్ ఎన్‌జీసీ 6543 అనే గ్రహ నీహారిక (చివరి దశలోని నక్షత్రం వదిలిన వాయువు) వర్ణపటంలో ఆకుపచ్చ గీతలు చూసి, అది నక్షత్రాల గుంపు కాదని, వేడెక్కిన వాయువని గుర్తించాడు. భూమి మీద ఏ మూలకానికీ సరిపోలని ఆ గీతలు రెండు ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఆక్సిజన్‌వని 1927లో ఐరా బోవెన్ తేల్చాడు. ఫిల్టర్ల భాషలో ‘ఆక్సిజన్ త్రీ’ అంటే అవే. వాటిలో బలమైనది 500.7 నానోమీటర్ల దగ్గర, దాని జంట 495.9 దగ్గర ఉంటాయి. హైడ్రోజన్ ఆల్ఫా గీత 656.3 దగ్గర ఉంటుంది. కలర్ కెమెరాలకు అమ్మే డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్లు ప్రధానంగా 500.7, 656.3 గీతలకు కిటికీలు తెరుస్తాయి.

## ఎల్‌ఈడీ దీపాల రాకతో మారింది ఏమిటి

సోడియం దీపాల కాలంలో నగరపు వెలుగులో ఎక్కువ భాగం 589 నానోమీటర్ల చుట్టూ ఉండేది. పాదరసపు దీపాల వెలుగు 435.8, 546.1 లాంటి కొన్ని గీతల్లో ఉండేది. ఆ కొద్ది ప్రాంతాలను అడ్డుకొని మిగతాదంతా వదిలే ఫిల్టర్లు అప్పట్లో చవకగా దొరికేవి, పనిచేసేవి కూడా. 2015 జనవరిలో దేశవ్యాప్తంగా వీధి దీపాల జాతీయ కార్యక్రమం మొదలైంది. ఆ తర్వాత నగరాల్లో ఎల్‌ఈడీ దీపాలు వేగంగా పెరిగాయి. తెల్లని ఎల్‌ఈడీలో 450 నానోమీటర్ల దగ్గర నీలి శిఖరం, అక్కడి నుంచి చిన్న పల్లం, ఆపైన ఆకుపచ్చ నుంచి ఎరుపు దాకా పరుచుకున్న వెడల్పాటి గుట్ట ఉంటాయి. అడ్డుకోవడానికి విడి గీతలంటూ లేవు. పాత తరహా కాంతి కాలుష్యపు ఫిల్టర్లు ఇప్పుడు నిరాశ కలిగించడానికి కారణం ఇది.

ఆక్సిజన్ గీత ఆ పల్లం నుంచి గుట్ట ఎక్కే వాలు మీద పడుతుంది. హైడ్రోజన్ ఆల్ఫా గుట్ట దిగే వాలు మీద పడుతుంది. పసుపు ఛాయ ఎల్‌ఈడీలు ఎక్కువున్న వీధిలో ఎరుపు వైపు నేపథ్యం పెరుగుతుంది, తెల్ల ఛాయవి ఎక్కువున్నచోట నీలం వైపు పెరుగుతుంది. కాబట్టి ఒక పేటలో చేసిన పరీక్ష ఫలితం ఇంకో పేటకు యథాతథంగా వర్తించదు.

## కలర్ కెమెరా లోపల

మోనో కెమెరాలో, అంటే రంగు పొరలు లేని నలుపు తెలుపు కెమెరాలో, ప్రతి పిక్సెల్ ఫిల్టర్ దాటి వచ్చిన వెలుగునంతా అందుకుంటుంది. కలర్ కెమెరా సెన్సర్ మీద 1976లో కోడాక్ ఇంజనీరు బ్రైస్ బేయర్‌కు పేటెంట్ లభించిన అమరిక ఉంటుంది. నాలుగు పిక్సెళ్లలో ఒకటి ఎరుపు, ఒకటి నీలం, రెండు ఆకుపచ్చ. హైడ్రోజన్ ఆల్ఫాను పట్టేది ప్రధానంగా ఎరుపు పిక్సెళ్లే, అంటే సెన్సర్‌లో పావు వంతు. 500.7 నానోమీటర్లు నీలానికీ ఆకుపచ్చకూ మధ్యన ఉండడం వల్ల ఆక్సిజన్ వెలుగును మిగతా మూడు వంతులూ అంతో ఇంతో అందుకుంటాయి.

పోలికల్లో తరచూ కనిపించే ఒక పొరపాటు లెక్క ఇక్కడే పుడుతుంది. రెండు కిటికీలు ఏడేసి నానోమీటర్లు కాబట్టి మొత్తం 14, కనిపించే వెలుగు 300 నానోమీటర్లు కాబట్టి నేపథ్యం 21 రెట్లు తగ్గుతుందని అంటారు. ఎరుపు పిక్సెల్ ఫిల్టర్ లేనప్పుడు కూడా 300 నానోమీటర్లు చూడదు. దాని సొంత రంగు పొర దాదాపు 100 నానోమీటర్ల పట్టీనే లోపలికి రానిస్తుంది. ఫిల్టర్ పెట్టాక అది చూసేది ముఖ్యంగా ఎరుపు కిటికీలోని 7 నానోమీటర్లు. అంటే అసలు తగ్గుదల 14 రెట్ల దరిదాపుల్లో ఉంటుంది. ఇదీ పెద్ద తగ్గుదలే, కానీ ప్రకటనలో చెప్పినంత కాదు.

మరో చిక్కు, రంగు పొరల మధ్య కారడం. ఆకుపచ్చ పిక్సెల్ కొద్దిగా ఎరుపును, ఎరుపు పిక్సెల్ కొద్దిగా ఆకుపచ్చను కూడా చూస్తాయి. హైడ్రోజన్ చాలా బలంగా ఉన్న నీహారికలో ఆక్సిజన్‌గా కనిపించేదాంట్లో కొంత కారిన హైడ్రోజనే కావచ్చు. ఫిల్టర్ ఎంత సన్ననిదైనా ఈ లోపాన్ని సరిచేయలేదు, ఎందుకంటే లోపం సెన్సర్‌ది.

మార్పులు చేయించని మామూలు డీఎస్ఎల్ఆర్ కెమెరాకు అసలు సమస్య వేరు. సెన్సర్ ముందున్న పరారుణ అడ్డు గాజు 656 దగ్గరి వెలుగును చాలావరకు ఆపేస్తుంది. అలాంటి కెమెరాకు ఖరీదైన సన్నని ఫిల్టర్ తగిలించడం కంటే ఆ గాజు తీయించడమే ముందు చేయాల్సిన పని.

## సన్నబడితే ఎంత లాభం: ఒక ఊహా లెక్క

నగరంలో ఒక ఎరుపు పిక్సెల్ అయిదు నిమిషాల ఎక్స్‌పోజర్‌లో ఆకాశం నుంచి 1400 ఎలక్ట్రాన్లు, నీహారిక నుంచి 40 ఎలక్ట్రాన్లు అందుకుంటుందనుకుందాం (సెన్సర్ తనపై పడ్డ వెలుగును ఎలక్ట్రాన్లుగా మార్చి లెక్కపెడుతుంది). కాంతి రాకలో సహజంగా ఉండే ఒడిదుడుకు మొత్తం ఎలక్ట్రాన్ల సంఖ్యకు వర్గమూలం. కాబట్టి నాయిస్ సుమారు 38. సిగ్నల్‌కు నాయిస్‌కు నిష్పత్తి 1.05. నీహారిక ఉందా లేదా అన్నదే సందేహం.

ఇప్పుడు 90 శాతం వెలుగును వదిలే 7 నానోమీటర్ల ఫిల్టర్ పెడితే ఆకాశం 88కి, నీహారిక 36కి చేరుతాయి. నిష్పత్తి 3.2. ఫిల్టర్ లేకుండా ఈ నాణ్యత రావాలంటే తొమ్మిది రెట్లకు పైగా సమయం పట్టేది. మేడ మీద ఒక రాత్రి పనికీ వారం పైచిలుకు పనికీ ఉన్న తేడా అది. 3 నానోమీటర్లకు మారితే ఆకాశం 38, నీహారిక అదే 36, నిష్పత్తి 4.2. ఏడు నుంచి మూడుకు దిగడం వల్ల మిగిలిన సమయం 1.7 రెట్లు.

అసలు పెద్ద లాభం ఫిల్టర్ పెట్టడంలోనే వచ్చేసింది. తర్వాతి మెట్టు లాభం నిజమైనదే గానీ చిన్నది. కారణం కూడా లెక్కలోనే కనిపిస్తుంది: నేపథ్యం తగ్గేకొద్దీ నాయిస్‌లో నీహారిక సొంత వాటా పెరుగుతుంది, దాన్ని ఏ ఫిల్టరూ తగ్గించలేదు. ఆకాశం మరీ చీకటిగా ఉన్నచోట, లేదా ఎక్స్‌పోజర్లు మరీ పొట్టిగా ఉన్నప్పుడు కెమెరా రీడ్ నాయిస్ (ప్రతి ఫ్రేమును చదివేటప్పుడు చేరే ఒడిదుడుకు) కూడా పైకి తేలుతుంది. సన్నని ఫిల్టర్ పెట్టి పది సెకన్ల ఫ్రేములు తీస్తే దాని లాభంలో కొంత ఇలా పోతుంది. అందుకే 3 నానోమీటర్ల ఫిల్టర్‌తో అయిదు నిమిషాల ఎక్స్‌పోజర్లు, వాటిని మోయగల గైడింగ్ (ఒక నక్షత్రాన్ని గమనిస్తూ టెలిస్కోపు కదలికను సరిదిద్దే ఏర్పాటు) అవసరమవుతాయి.

## ఎఫ్ నిష్పత్తి తిరగరాసే ఫలితం

ఈ ఫిల్టర్లు రంగు గాజులు కావు. గాజు మీద వేర్వేరు వక్రీభవన గుణకాలున్న పదార్థాల పలచని పొరలను ఒకదాని మీద ఒకటి పేర్చి, కాంతి తరంగాల వ్యతికరణంతో పనిచేసేలా చేస్తారు. కిరణం నిటారుగా వచ్చినప్పుడు కిటికీ ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటుంది. వాలుగా వస్తే కిటికీ మొత్తం నీలం వైపు జరుగుతుంది. వాలు పెరిగేకొద్దీ జరుగుడు దాని వర్గానికి అనులోమంగా పెరుగుతుంది.

టెలిస్కోపు ఎంత ‘వేగమైనదైతే’, అంటే ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే, అంచుల నుంచి వచ్చే కిరణాలు అంత వాలుగా ఉంటాయి. పొరల సగటు గుణకం 2 అనుకుంటే ఎఫ్/7 దగ్గర అంచు కిరణాలకు హైడ్రోజన్ కిటికీ 0.4 నానోమీటర్లు జరుగుతుంది. ఎఫ్/5 దగ్గర 0.8, ఎఫ్/4 దగ్గర 1.3. ఎఫ్/2కు వచ్చేసరికి 4.8. ఆక్సిజన్ కిటికీ అదే ఎఫ్/2లో 3.7 నానోమీటర్లు జరుగుతుంది.

3 నానోమీటర్ల కిటికీలో గీత సరిగ్గా నడుమ ఉంటే అటూ ఇటూ ఉన్న చోటు 1.5 నానోమీటర్లే. ఎఫ్/5 టెలిస్కోపుకు అది చాలు. ఎఫ్/2లో మాత్రం అద్దం మధ్య భాగం నుంచి వచ్చిన కిరణాలకు మాత్రమే గీత కిటికీలో ఉంటుంది, మిగతా వాటికి బయట పడుతుంది. నిటారు అంచులున్న ఆదర్శ కిటికీగా తీసుకొని లెక్కిస్తే, నీహారిక వెలుగులో మూడో వంతు కూడా లోపలికి రాదు. నగరపు వెలుగుకు ఈ నష్టం లేదు, అది అన్ని తరంగదైర్ఘ్యాల్లోనూ ఉంది కాబట్టి కిటికీ ఎటు జరిగినా అంతే వస్తుంది. పై ఊహా లెక్కలోని మిగతా అంకెలు అలాగే ఉంచితే 3 నానోమీటర్ల ఫిల్టర్ నిష్పత్తి 4.2 నుంచి 1.6కు పడిపోతుంది. 7 నానోమీటర్లది 2.4 దగ్గర ఆగుతుంది. ఖరీదైనది ఓడిపోయింది. దర్పణ టెలిస్కోపుల్లో నడుమ అడ్డుండే భాగం సరిగ్గా ఆ పనికొచ్చే మధ్య కిరణాలనే మింగేస్తుంది కాబట్టి నష్టం ఇంకా పెరుగుతుంది.

తయారీదారులకు ఇది తెలుసు. వేగమైన టెలిస్కోపుల కోసం కిటికీని ముందే ఎరుపు వైపు జరిపి చేసిన ఫిల్టర్లు విడిగా అమ్ముతారు. వాటిని ఎఫ్/7 టెలిస్కోపుకు పెడితే తప్పు అటువైపు జరుగుతుంది. ఒక ఫిల్టర్ గురించి చదివిన మెప్పు గానీ, ఫిర్యాదు గానీ ఏ ఎఫ్ నిష్పత్తి దగ్గర వచ్చిందో తెలియకపోతే దానికి విలువ లేదు.

గీత కిటికీ బయట పడడానికి నీహారిక వేగం కారణమేమోనన్న అనుమానం కొందరిలో ఉంది. సెకనుకు 100 కిలోమీటర్ల వేగానికి కూడా హైడ్రోజన్ గీత జరిగేది 0.2 నానోమీటర్లే. మన పాలపుంతలోని నీహారికల విషయంలో దీన్ని పక్కన పెట్టవచ్చు.

## పోల్చే పద్ధతి

రెండు ఫిల్టర్లను రెండు వేర్వేరు రాత్రులు వాడి పోల్చడం పనికిరాదు. బెంగళూరు ఆకాశంలో దుమ్ము, తేమ, పలచని మబ్బు రోజు రోజుకూ మారుతాయి. అర్ధరాత్రి దాటాక దుకాణాల బోర్డులు ఆరిపోవడం, వాహనాలు తగ్గడం వల్ల ఒకే రాత్రిలో కూడా నేపథ్యం తగ్గుతుంది. ముందు ఒక ఫిల్టర్‌తో రెండు గంటలు, తర్వాత రెండోదానితో రెండు గంటలు తీస్తే రెండోది గెలవడానికి ఫిల్టర్‌తో సంబంధం ఉండకపోవచ్చు. కొన్ని ఫ్రేములు ఒకదానితో, కొన్ని రెండోదానితో, మళ్లీ మొదటిదానితో ఇలా మార్చి మార్చి తీయాలి. ఫిల్టర్ చక్రం ఉంటే ఇది తేలిక. చేత్తో మార్చే సొరుగైతే మార్చిన ప్రతిసారీ ఫోకస్ చూసుకోవాలి. రెండు మిల్లీమీటర్ల గాజు ఫోకస్‌ను సుమారు 0.7 మిల్లీమీటర్లు వెనక్కి నెడుతుంది, గాజు మందంలో చిన్న తేడా కూడా నక్షత్రాలను ఉబ్బిస్తుంది. దుమ్ము చుక్కల చోటు మారుతుంది కనుక ఫ్లాట్ ఫ్రేములూ (దుమ్ము నీడలను సరిదిద్దడానికి సమానమైన వెలుగులో తీసేవి) ఏ ఫిల్టర్‌కు ఆ ఫిల్టర్‌వే తీయాలి. కెమెరా సెట్టింగులైన గెయిన్, ఆఫ్‌సెట్, సెన్సర్ ఉష్ణోగ్రత, ఎక్స్‌పోజర్ నాలుగూ మారకూడదు.

అసలు జాగ్రత్త కొలతలో ఉంది. మసక వివరాలు కనిపించేలా ఫొటోను వెలిగించే ఆటో స్ట్రెచ్ అనే సౌకర్యం ఫ్రేములోని నేపథ్యాన్ని, దాని ఒడిదుడుకును చూసి, ప్రతి ఫొటో నేపథ్యాన్నీ ఇంచుమించు ఒకే బూడిద రంగుకు తెస్తుంది. తెరమీద పక్కపక్కన కనిపించే రెండు ఫొటోల్లో ఆకాశం ఒకేలా ఉందంటే ఫిల్టర్లు ఒకేలా పనిచేశాయని అర్థం కాదు. స్ట్రెచ్ చేయని ఫ్రేములోనే కొలవాలి. రంగులు కలిపిన తర్వాత కూడా కొలవకూడదు, ఎందుకంటే ఆ రంగులు కలిపే పనిలో, అంటే డీబేయర్ చేసేటప్పుడు, పక్క పిక్సెళ్ల సగటుతో ఖాళీలు పూరిస్తారు కనుక నాయిస్ తగ్గినట్టు కనిపిస్తుంది. ఉచితంగా దొరికే సిరిల్ సాఫ్ట్‌వేర్‌లో హైడ్రోజన్, ఆక్సిజన్ పిక్సెళ్లను ముడి ఫ్రేము నుంచి విడదీసే సదుపాయం ఉంది.

విడదీసిన ఎరుపు ఫ్రేములో నీహారిక మీద ఒక చిన్న చతురస్రం, నీహారిక బయట నక్షత్రాలు లేనిచోట ఇంకో చతురస్రం గీయాలి. రెండింటి సగటుల తేడా సిగ్నల్. నాయిస్ కోసం ఆ ఫ్రేములోనే ప్రామాణిక విచలనం చూస్తే చిన్న నక్షత్రాలు, వెలుగు వాలు కూడా అందులో కలిసిపోతాయి. వరుసగా తీసిన రెండు ఫ్రేములను సరిగ్గా జోడించి ఒకదాని నుంచి ఇంకొకటి తీసేస్తే అవి రద్దవుతాయి. జోడింపులో పిక్సెళ్ల సగటు తీయకుండా పూర్తి పిక్సెళ్ల మేరకే జరపాలి. మిగిలినదాని ప్రామాణిక విచలనాన్ని 1.414తో భాగిస్తే ఒక ఫ్రేము నాయిస్ వస్తుంది. ఇదే పని ఆక్సిజన్ ఫ్రేముల మీద విడిగా చేయాలి. హైడ్రోజన్‌లో గెలిచిన ఫిల్టర్ ఆక్సిజన్‌లో ఓడిపోవడం అరుదేమీ కాదు, రెండు కిటికీలూ వేర్వేరు పొరల ఫలితం.

వర్ణపట యంత్రం లేకుండానే కిటికీ సరైన చోట ఉందో లేదో తెలుసుకునే దారి ఒకటుంది. నక్షత్రాల వెలుగు అన్ని తరంగదైర్ఘ్యాల్లో ఉంటుంది కాబట్టి ఫిల్టర్ గుండా వచ్చే నక్షత్ర కాంతి కిటికీ వెడల్పుతో పాటు పెరుగుతుంది, తగ్గుతుంది. నీహారిక వెలుగు మాత్రం గీత దగ్గర ఫిల్టర్ ఎంత వదులుతుందన్నదాన్ని బట్టే ఉంటుంది. ఒక ఫ్రేములో పది పదిహేను మామూలు నక్షత్రాల కాంతిని, నీహారిక సిగ్నల్‌ను కొలిచి, నీహారికకూ నక్షత్రాలకూ నిష్పత్తి తీస్తే, 7 నుంచి 3 నానోమీటర్లకు మారినప్పుడు ఆ నిష్పత్తి సుమారు 2.3 రెట్లు పెరగాలి. అంతకంటే బాగా తక్కువ పెరిగిందంటే గీత కిటికీ అంచున పడుతోందని అనుమానించవచ్చు. అనుమానం తీరాలంటే టెలిస్కోపు మూతికి చిన్న రంధ్రమున్న అట్ట బిగించి ఎఫ్ అంకె పెంచి మళ్లీ కొలవాలి. అట్ట పెట్టాక నీహారికకూ నక్షత్రాలకూ ఉన్న నిష్పత్తి పెరిగితే వాలు కిరణాలే కారణం.

ఒక మినహాయింపు గుర్తుంచుకోవాలి. హైడ్రోజన్ ఆల్ఫాకు రెండు పక్కలా, 654.8, 658.4 దగ్గర నైట్రోజన్ గీతలున్నాయి. 7 నానోమీటర్ల కిటికీ ఆ రెండింటినీ కలుపుకుంటుంది. 3 నానోమీటర్లది 658.4ను, అంటే వాటిలో బలమైనదాన్ని, బయటే ఉంచుతుంది. నైట్రోజన్ బలంగా ఉండే గ్రహ నీహారికల మీద పరీక్షిస్తే వెడల్పు ఫిల్టర్‌లో ఎరుపు ఎక్కువగా వస్తుంది. దాన్ని సన్నని ఫిల్టర్ లోపంగా రాయడం అన్యాయం.

## హాలోలు

ప్రకాశవంతమైన నక్షత్రం చుట్టూ వచ్చే వలయాలను అంకెల్లో పెట్టడం కష్టం, కానీ కొన్నవారిని ఎక్కువగా బాధించేవి ఇవే. ఫిల్టర్, సెన్సర్ గాజు, కరెక్టర్ కటకాల మధ్య వెలుగు అటూ ఇటూ పరావర్తనం చెందితే హాలో పుడుతుంది. ఓరియన్ నడికట్టులోని ఆల్నిటాక్ దీనికి కఠినమైన పరీక్ష. గుర్రపుతల నీహారిక దాని పక్కనే ఉండడం వల్ల హాలో వస్తే దాచుకునే చోటు ఉండదు. వలయం వెడల్పు ఫిల్టర్‌కూ సెన్సర్‌కూ మధ్య దూరాన్ని బట్టి మారుతుంది. ఆ దూరాన్ని నిర్ణయించే స్పేసర్ రింగు ఒకటి మార్చి చూస్తే వలయం పెద్దదో చిన్నదో అయితే కారణం ఆ రెంటి మధ్యే ఉందని తెలుస్తుంది. జనవరి రాత్రుల్లో గాజు మీద పట్టే పలచని మంచు కూడా హాలోలానే కనిపిస్తుంది కాబట్టి, తీర్పు చెప్పే ముందు టార్చి వేసి చూడడం మేలు.

## బెంగళూరు నుంచి ఏది, ఎప్పుడు

నగరం 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, ఆపై ఈశాన్య రుతుపవనాల మబ్బులు పోయాక, డిసెంబరు నుంచి మార్చి దాకా పరీక్షలకు అనువైన కాలం. ఉత్తర దేశాల సమీక్షల్లో ఎక్కువగా కనిపించే వీల్, నార్త్ అమెరికా నీహారికలు ఇక్కడ సరిగ్గా వానల్లోనే నడినెత్తికి దగ్గరగా వస్తాయి. వాటి ఫొటోలు చూసి ఫిల్టర్ ఎంచుకోవడం ఇక్కడివారికి అంతగా ఉపయోగపడదు.

ఇక్కడ తగిన పరీక్షా వస్తువు రోజెట్. జనవరి మొదట్లో అర్ధరాత్రికి, ఫిబ్రవరిలో పది గంటలకు అది 82 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. అంత ఎత్తున గాలి పొర మందం తక్కువ, నగరపు వెలుగూ అన్ని దిక్కులకంటే తక్కువ. అంచుల్లో హైడ్రోజన్ బలంగా, నడుమ ఆక్సిజన్ బలహీనంగా ఉండడం వల్ల రెండు కిటికీలకూ పరీక్ష ఒకేసారి జరుగుతుంది. దక్షిణాన కెరీనా నీహారిక ఎంతో ప్రకాశవంతమైనదే అయినా ఇక్కడి నుంచి 17 డిగ్రీలకు మించి ఎక్కదు. ఆ ఎత్తున కొలిచింది ఫిల్టర్‌నా, పొగమంచునా అన్నది చెప్పడం సాధ్యం కాదు.

వెన్నెల రాత్రుల్లో ఆక్సిజన్ ఫలితం హైడ్రోజన్ కంటే ఎక్కువ దెబ్బతింటుంది. గాలి నీలం వైపు వెలుగును ఎక్కువగా చెదరగొడుతుంది కదా. కాబట్టి చంద్రుడున్నప్పుడు చేసిన పరీక్షలో సన్నని ఫిల్టర్ ఆధిక్యం పెరిగి కనిపిస్తుంది. అది తప్పు కాదు, కానీ అమావాస్య దగ్గరి ఫలితంతో కలిపి చదవాలి.

## ఫిల్టర్‌కు లొంగనివి

గెలాక్సీలు, నక్షత్ర గుచ్ఛాలు, కృత్తికల చుట్టూ ఉన్న నీలి ధూళి, ఇవన్నీ నక్షత్రాల వెలుగుతోనే కనిపిస్తాయి. ఆ వెలుగు నగరపు ఎల్‌ఈడీ వెలుగు లాగే అన్ని తరంగదైర్ఘ్యాల్లో పరుచుకొని ఉంటుంది. సన్నని కిటికీ రెండింటినీ ఒకే పాళ్లలో కోసేస్తుంది, నిష్పత్తి ఏమీ మెరుగుపడదు. ఆండ్రోమెడా గెలాక్సీ మీద పరీక్షించి డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ పనికిరాదనడం ఎంత తప్పో, రోజెట్ మీద బాగా వచ్చింది కాబట్టి గెలాక్సీలకూ కొనవచ్చనడం అంత తప్పు.

వృత్తి ఖగోళ శాస్త్రం ఈ విషయంలో ఎప్పుడో నిర్ణయం తీసుకుంది. కోరమంగళలో ప్రధాన కార్యాలయమున్న భారతీయ ఖగోళ భౌతిక సంస్థ టెలిస్కోపులు తమిళనాడు జవాదు కొండల్లోని కావలూరులో, లడాఖ్‌లోని హాన్లేలో ఉన్నాయి. హాన్లే చుట్టుపక్కల ప్రాంతాన్ని 2022లో చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అభిరుచి ఉన్నవారికి అంత దూరం అక్కర్లేదు. అనంతపురం, చిత్తూరు వైపు సొంత ఊళ్లకు వెళ్లేవారికి పెనుకొండ, మదనపల్లె దాటిన పల్లెల్లోనే నగరంతో పోలిక లేని చీకటి దొరుకుతుంది. 3 నానోమీటర్ల ఫిల్టర్ కోసం దాచిన డబ్బులో కొంత అలాంటి ప్రయాణాలకు కేటాయిస్తే, గెలాక్సీల విషయంలో ఫలితం ఎక్కువ. అక్కడికి వెళ్లినప్పుడు గెలాక్సీల కోసం కెమెరా ముందు నుంచి డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్‌ను తీసి, పరారుణాన్ని మాత్రం ఆపే మామూలు గాజు పెట్టుకోవాలి. ఆకాశం కోసమే చేసిన నేటి కలర్ కెమెరాల్లో చాలావాటి గాజు పరారుణాన్ని ఆపదు, ఆ అడ్డు లేకుండా తీస్తే నక్షత్రాలు ఉబ్బుతాయి.